రొట్టెల చట్రానికి కళాయి వేయించకండి

దొరల దగ్గర వంటకి చేరబోయే కుర్రాళ్లు మా ఇంటికి వస్తుంటారు. అరుగు మీద కూర్చుని కోడి రోస్టు ఎలా చెయ్యాలి, పుడ్డింగు ఎందుకు విరుగుతుంది అని అడుగుతారు. టోస్టు గురించి ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. రొట్టె ముక్క కాల్చడానికి కూడా గురువు కావాలా అని వాళ్ల ఉద్దేశం. కావాలి. పొద్దున్నే దొర నోట్లో పడే మొదటి ముక్క టోస్టే. అది బాగుంటే ఆ పూట కూరలో ఉప్పు తగ్గినా ఊరుకుంటాడు. అది మాడిందో, మధ్యాహ్నం మీరేం వండి పెట్టినా మొహం ముడుచుకునే తింటాడు.

నేను కాకినాడ రేవు దగ్గర దొరల భోజనశాలలో పని మొదలుపెట్టి, రైలు వచ్చాక రాజమండ్రి స్టేషను భోజనశాలలో పెద్ద వంటవాడిగా పని చాలించాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ దొర ఏం సర్టిఫికెట్టు ఇచ్చాడు అన్నవి ఇక్కడ రాయను. ఆ సర్టిఫికెట్లు పెట్టెలో ఉన్నాయి, చెదలు చదువుకుంటున్నాయి. పనికొచ్చేది మాత్రం రాస్తాను. దొరల వంటింటిని మేం కుసిని అంటాం. కుసినిలో అన్నిటికంటే చులకనగా చూసే సామాను రొట్టెల చట్రం. నా చేత ఎక్కువ పాఠాలు చదివించింది కూడా అదే.

ఏ చట్రం కొనాలి

చట్రం అంటే పెద్ద విశేషం ఏమీ లేదు. నాలుగు కాళ్లు, పైన వరసగా చువ్వలు, కింద బొగ్గుల కుంపటి. కాళ్లు జానెడు ఎత్తుండాలి. అంతకంటే పొట్టిగా ఉంటే రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పొడుగ్గా ఉంటే కాలకుండా ఎండిపోతుంది. చువ్వల మధ్య చిటికెన వేలు దూరాలి, బొటనవేలు దూరకూడదు. కమ్మరి దగ్గర మీరే నిలబడి వేలు పెట్టి చూసుకోండి. "అలాగే చేశానండి" అని ఆయన అంటాడు. అయినా వేలు పెట్టండి.

చూడ్డానికి బాగుందని చట్రం కొనకూడదు. మీ భోజనశాలకి జనం ఎలా వస్తారో చూసి కొనాలి. కాకినాడలో ఓడ కెప్టెన్లు, వర్తకుల గుమాస్తా దొరలు ఒక్కొక్కరే వచ్చేవారు. ఒకరు తింటుంటే ఇంకొకరు గడ్డం గీయించుకుంటూ ఉండేవారు. అక్కడ చిన్న చట్రం చాలు. స్టేషనులో అలా కాదు. రైలు ఆగగానే అందరూ ఒక్కసారే లోపలికి వస్తారు, అందరికీ ఒక్కసారే కావాలి, కూత వెయ్యకముందే తినెయ్యాలి. అక్కడ పుస్తకంలా తెరిచి మూసే జంట చట్రం పెట్టాలి. ముక్కలన్నీ మధ్యలో పరిచి మూసేసి, ఒకవైపు కాలాక పిడి పట్టుకుని మొత్తాన్ని ఒక్కసారి తిరగెయ్యడమే. ముక్క ముక్కనీ పట్టకారుతో తిప్పుతూ కూర్చున్న వంటవాడికి స్టేషనులో తల ప్రాణం తోకకొస్తుంది.

స్టేషను మేనేజరు గారు ఒకాయన, పేరెందుకు గానీ, మద్రాసు నుంచి కిరసనాయిలు పొయ్యీ, దాని మీద పెట్టే రేకు గోపురం ఒకటీ తెప్పించారు. రొట్టె ముక్కలు ఆ గోపురానికి నాలుగు వైపులా చేరగిలబడి కాలతాయి. ఒకసారి ఒకవైపే. మసి ఉండదు, బొగ్గు ఉండదు, విసరక్కర్లేదు అని ఆయన మాకు ఉపన్యాసం ఇచ్చారు. మసి నిజంగానే లేదు. ముక్క రెండో వైపు తిరిగేసరికి రైలు కదిలేది. ఒక దొరసాని టోస్టు ముక్కుకి దగ్గరగా పెట్టుకుని, దీపాలు తుడిచే గుడ్డ కూడా ఇక్కడే ఆరేస్తారా అని అడిగింది. కొన్నాళ్లకి మేనేజరు గారు ఆ గోపురాన్ని తన గదిలో పెట్టుకోవడానికి పట్టుకుపోయారు.  ఆయన గుమ్మం దాటాక నవ్వుకున్నాం.

నిప్పు, రొట్టె

బొగ్గు విషయంలో నా మాట వినండి. తుమ్మ బొగ్గు అన్నిటికంటే మేలు, చింత బొగ్గు తర్వాత. కోరంగి వైపు నుంచి పడవల్లో వచ్చే మడ కర్ర బొగ్గు చవక. కానీ ఉప్పునీళ్లు తాగి పెరిగిన కర్ర, చిటపటలాడి రొట్టె మీదికి నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది. కొబ్బరి చిప్పలు వెయ్యనే వద్దు, వాటి పొగలో నూనె ఉంటుంది. కుంపటి కణకణలాడుతున్నప్పుడు కొత్తవాడికి చేతులు దురద పెడతాయి, రొట్టె వేసేస్తాడు. ఆగాలి. నిప్పు మీద పల్చగా నివురు కమ్మాక, అరచెయ్యి చువ్వల మీద పెట్టి నెమ్మదిగా ఒక ఊపిరి పీల్చి వదిలేదాకా ఓర్చుకోగలిగితే అప్పుడు వెయ్యాలి.

మా రొట్టె కల్లుతో పొంగేది. ఈ సంగతి రొట్టెల బట్టీవాళ్లకీ మాకూ తెలుసు. మా చర్చి పాస్టరు గారు ఆదివారం కల్లు మీద గంటసేపు ప్రసంగం చేసి, సోమవారం కుసిని గుమ్మం దగ్గరికి వచ్చి, ఆ కల్లుతో పొంగిన రొట్టే రెండు ముక్కలు అడిగి మరీ తినేవారు. నేను ఆయనకి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను. కల్లు బాగా పొంగే రోజుల్లో రొట్టెలో కన్నాలు పెద్దవిగా ఉంటాయి. అలాంటి ముక్క మీద వెన్న నిలవదు, కన్నాల్లోంచి కారి దొర చొక్కా మీద పడుతుంది. ఆ రోజుల్లో ముక్క మందంగా కొయ్యండి, నిప్పు తగ్గించండి.

చట్రాన్ని కడగడం

మన ఇళ్లలో ఏ సామానైనా చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమితేనే శుభ్రం. చట్రం దగ్గర ఆ అలవాటు మానుకోవాలి. ఇనప చట్రం నల్లగా, నున్నగా ఉండాలి. తోమి తెల్లగా చేశారా, మర్నాడు రొట్టె చువ్వలకి అంటుకుంటుంది, ఎల్లుండికి తుప్పు మొదలవుతుంది. పని అయిపోగానే వేడి మీదే గోనెగుడ్డతో రాలిన రొట్టె పొడి దులిపెయ్యండి, ఆ పొడి మాడితేనే టోస్టుకి చేదు. తర్వాత గుడ్డకి ఒక చుక్క నెయ్యి రాసి తుడిచి, పొయ్యి పైన పొగ తగిలేచోట తగిలించండి. ఆముదం రాయకండి. బండి ఇరుసుకీ తలుపు గొళ్లేనికీ ఆముదం మంచిదే. ఆ వాసన తగిలితే దొరలకి చిన్నప్పటి జబ్బులన్నీ గుర్తొస్తాయి.

ఇన్ని తెలిసినా తుప్పు మాత్రం మమ్మల్ని కాకినాడలో వదిలేది కాదు. ఉప్పాడ వైపు నుంచి ఈదురుగాలి కొట్టే రోజుల్లో రాత్రి తగిలించిన చట్రం పొద్దుటికి ఎర్రబడేది. అక్కడి నుంచే అసలు కథ మొదలైంది.

శౌరయ్య గారి ఇత్తడి చట్రం

కాకినాడలో మా బట్లరు శౌరయ్య గారు. కుసినికీ, దొరలు కూర్చునే బల్లకీ మొత్తం పెద్ద ఆయనే. మద్రాసులో పని నేర్చిన మనిషి. నడుముకి ఎర్ర పట్టీ, తలకి గంజి పెట్టిన తెల్లని తలపాగా. ఆ తలపాగా మీద ఈగ వాలితే ఈగే సిగ్గుపడాలి. నాకు పని నేర్పింది ఆయనే. తిడితే చెవులు చిల్లులు పడేవి, కానీ పదిమందిలో తిట్టేవారు కాదు, పక్కకి పిలిచి తిట్టేవారు. అలాంటి పెద్ద మళ్లీ నాకు దొరకలేదు. ఆయనలో లోపం ఒక్కటే. తప్పు అనే మాట ఆయన నోట ఎప్పుడూ ఎదటివాడి గురించే వచ్చేది.

ఒకరోజు ఒక కెప్టెన్ టోస్టు మీద ఎర్ర గీతలు చూసి, దీన్ని మా లంగరు గొలుసు మీద కాల్చారా అని నవ్వాడు. అందరూ నవ్వారు. శౌరయ్య గారు నవ్వలేదు. కంచరి దగ్గరికి వెళ్లి ఇత్తడి చట్రం చేయించుకొచ్చారు. ఇత్తడికి తుప్పు రాదు కదా. వచ్చిన రోజు మేమందరం దాన్ని చేతుల్లోకి తీసుకుని చూసి ముచ్చటపడ్డాం.

అయితే ఇత్తడికి చిలుము పడుతుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో వండుకుంటే విషమని మన ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. అందుకని గిన్నెలకి కళాయి వేసే మస్తాను సాయిబు రాగానే, మిగతా సామానుతో పాటు చట్రం కూడా శౌరయ్య గారు అతని ముందు పెట్టించారు.

మస్తాను పిఠాపురం నుంచి వచ్చేవాడు. పెరట్లో చిన్న గొయ్యి తవ్వి, గాలి కొట్టే తిత్తి బిగించి, గిన్నె కాగాక నవాసారం చల్లి తగరం రుద్దితే, తెల్లటి పొగలోంచి గిన్నె వెండి రంగులో బయటికొచ్చేది. కాకినాడ బంగళాలు, చుట్టుపక్కల రైతుల ఇళ్లు, అన్నవరం దారిలో సత్రాల గుండిగలు, అన్నీ అతని చేతి మీదే. తగరం ఖరీదు, సీసం చవక. సీసం కలిపే కళాయివాళ్లు ఉన్నారు. అది కడుపులోకి పోతే మనిషి మంచం పడతాడు. అందుకే కొత్త కళాయిని ఇల్లాళ్లు తెల్లగుడ్డతో రుద్ది చూస్తారు. సీసం ఉంటే గుడ్డ నల్లబడుతుంది. మస్తాను పోసిన కళాయికి గుడ్డ నల్లబడిందని ఎవరూ అనలేదు. అతని తిండి ఆ పేరు మీదే నడిచేది.

మర్నాడు పొద్దున బల్ల దగ్గర ఆ లంగరు కెప్టెనూ, ఇద్దరు వర్తకులూ, ఊళ్లోని డాక్టరు దొరా కూర్చున్నారు. మెరిసే చట్రం మీద కాల్చిన టోస్టు వెళ్లింది. కెప్టెన్ కొరికి, ఆగి, నోట్లోంచి ఒక చిన్న తెల్లని పూస తీసి పళ్లెంలో పడేశాడు. డాక్టరు తన ముక్క మీది వెన్న గీకి చూశాడు. అందులో రెండు ఉన్నాయి. సీసం అయ్యుంటుందని ఆయన అన్నాడు. అంతే, వాళ్లతో పాటు తింటున్న మా కాకినాడ భోజనశాల మేనేజరు దొర కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

మస్తాను అప్పుడు పెరట్లోనే ఉన్నాడు, మిగిలిన గిన్నెలకి కళాయి వేస్తూ. కావలివాడు వెళ్లి అతన్ని రెక్క పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చాడు. చేతిలో పట్టకారు అలాగే ఉంది. దొరలకి విషం పెట్టాడు, పోలీసులకి అప్పగించండి అని మేనేజరు కేకలు. ఆ కేకలు ప్రహరీ దాటి బజార్లోకి వెళ్లాయి.

మస్తాను పట్టకారు కింద పెట్టాడు. "నేను సీసం ముట్టనండి. నా తిత్తి మీద ఒట్టండి" అన్నాడు.

నేను శౌరయ్య గారి వైపు చూశాను. ఆయన మేనేజరు వెనక నిలబడి నేల చూస్తున్నారు.  ఆయన నోరు విప్పుతారని ఎదురుచూశాను. విప్పలేదు. కుసినిలోకి వెళ్లి కుంపటి కదిపాను. బూడిదలో పూసలే పూసలు. చట్రం కింది వైపు చూస్తే చువ్వల మీద కళాయి జారి చుక్కలు కట్టి ఉంది. అప్పుడు తట్టింది. కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, పెడితే కళాయి కరిగిపోతుంది. నీళ్లో పప్పో ఉన్నంతసేపే అది నిలుస్తుంది. కుసినిలో అందరికీ తెలిసిన సంగతే. గిన్నె అయ్యుంటే ఎవరో ఒకరం అడ్డుపడేవాళ్లం. చట్రం గిన్నె కాదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. దాంట్లో నీళ్లు పొయ్యడానికి చోటెక్కడుంది?

బూడిదలోంచి ఒక పూస తీసి కడిగి, డాక్టరు దొర ముందు పెట్టాను. ఆయన నేను చూసిన దొరల్లో మాట వినే మనిషి. ఇది సీసం అయితే తెల్లగుడ్డ మీద గీత పడుతుందండి, మీరే గీసి చూడండి అన్నాను. ఆయన తన ఒళ్లో గుడ్డ తీసుకుని గట్టిగా గీశాడు. పూసని తిప్పి మళ్లీ గీశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. సీసం కాదు, మంచి తగరమే, పొరపాటు నాది అని మేనేజరుతో చెప్పాడు. మరి రొట్టెలోకి ఎలా వచ్చిందని నన్ను అడిగాడు. ఖాళీ గిన్నె సంగతి చెప్పాను. ఆయన తల ఊపి, ఇంకో ప్రశ్న వేశాడు. నిప్పు మీద పెట్టే చట్రానికి కళాయి వెయ్యమని ఇతనికి ఎవరు చెప్పారు?

మేనేజరు నా వైపు చూశాడు.  చెప్పాల్సిన మనిషి ఆయన వెనకే ఉన్నారు.

 శౌరయ్య గారు ఒక అడుగు ముందుకు వేశారు. "నేనేనండి. ఇత్తడి చేయించిందీ నేనే, కళాయికి ఇచ్చిందీ నేనే."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాం. పోలేదు. మేనేజరు కాసేపు అరిచాడు. ఆ మనిషి లేకపోతే మధ్యాహ్నానికి బల్ల మీద చెంచాలు కూడా ఉండవని ఆయనకీ తెలుసు. సాయిబుని వదిలెయ్యమని కావలివాడికి చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

గేటు బయట

మీరు పనిలో చేరాక ఇలాంటిది జరిగితే, నిజం తేలింది కదా, అయిపోయిందని అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

మస్తాను తిత్తి ఊడదీసి మూట కట్టుకుంటున్నాడు. గేటు బయట జనం ఉన్నారు. కళాయికని రెండు బిందెలు తెచ్చి వరసలో పెట్టిన ఒకావిడ వాటిని తీసి చంకనెత్తుకుంది. ఎవరో "సీసం సాయిబు" అన్నారు, ఎవరో నవ్వారు.

నేను దగ్గరికి వెళ్లి, నీ తప్పు లేదని దొరే చెప్పాడు కదా, ఎందుకు బెంగ అన్నాను.

"లోపల డాక్టరు దొర చెప్పారండి. బజారుకి ఎవరు చెప్తారండి?" అన్నాడు మస్తాను. "రేపు సత్రంలో గుండిగ ఇవ్వరు. ఆ తర్వాత ఏ ఇల్లూ ఇవ్వదు."

 వెనక్కి తిరిగితే కుసిని గుమ్మంలో శౌరయ్య గారు ఉన్నారు. అంతా విన్నట్టున్నారు. వెనుదిరిగి లోపలికి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. నా గురువు మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కసారే.

కాసేపటికి బయటికొచ్చారు. భుజం మీద కుసినిలోకెల్లా పెద్ద గుండిగ ఉంది. బల్ల మీద గరిటె పక్కకి జరపాలన్నా మమ్మల్ని పిలిచే మనిషి. ఎర్ర పట్టీ మీద మసి రాలుతుంటే గేటు దాటి, రోడ్డు పక్కన ఎండలో గుండిగ దించారు. తిత్తి ఇక్కడ బిగించమని మస్తానుకి చెప్పారు. మళ్లీ లోపలికి వెళ్లి ఇంకో గిన్నె తెచ్చారు. అప్పుడు మాకు అర్థమైంది. అందరం తలా ఒకటి మోసుకొచ్చాం. ముందురోజు కళాయి వేసినవి కూడా తెచ్చాం. దొరల కుసిని సామానంతా నడిరోడ్డు మీద పేర్చాం.

చీరల మూటలతో ఉప్పాడ నుంచి వచ్చిన నేతగాళ్లు ఆగారు. రేవుకి వెళ్లే బండ్లు ఆగాయి. బిందెల ఆవిడ కొంత దూరం వెళ్లి, వెనక్కి తిరిగి నిలబడింది. మస్తాను పెద్ద గుండిగ నిప్పు మీద తిప్పి, నవాసారం చల్లి, తగరం రుద్దాడు. పొగ పోయాక చల్లార్చి, నీళ్లు పోసి కడిగి పక్కన పెట్టాడు.

శౌరయ్య గారు తల మీదికి చేతులెత్తి తలపాగా విప్పారు. ఆయన బోడితల మేమెవ్వరం అంతకుముందు చూడలేదు.

మస్తాను కంగారుపడి లేచాడు. "వద్దండి బాబుగారూ, అది తలపాగా అండి."

"అందుకే," అన్నారు శౌరయ్య గారు. తర్వాత రోడ్డు మీద ఉన్నవాళ్లందరికీ వినబడేలా చెప్పారు. "ఇది నల్లబడితే తప్పు ఇతనిది. తెల్లగా ఉంటే తప్పు నాది. చూసుకోండి."

గుండిగలోకి వంగి, తలపాగా గుడ్డతో అడుగంతా, అంచులంతా రుద్దారు. చాలాసేపు రుద్దారు. తీసి రెండు చేతులతో చాపి, ఎండలో పట్టుకుని, అటు బండ్లవాళ్లకీ ఇటు నేతగాళ్లకీ తిప్పి చూపించారు.

గుడ్డ తెల్లగా ఉంది.

బిందెల ఆవిడ వెనక్కి వచ్చి రెండు బిందెలూ మస్తాను ముందు దించింది. మస్తాను మొహం తుడుచుకుని తిత్తి మీద చెయ్యి వేశాడు. శౌరయ్య గారు తడి తలపాగానే మళ్లీ చుట్టుకుని, మధ్యాహ్నం బల్ల సర్దడానికి లోపలికి బయల్దేరారు. నా పక్క నుంచి వెళ్తూ ఆగారు.

"దేవదానం," అన్నారు, "రేపటికి ఆ పాత ఇనప చట్రం తుడిచి పెట్టు."